కాన్పు గదిలో కొత్త చదువు

ఒక నర్సమ్మ ఉందనుకోండి. సర్కారు ఆసుపత్రిలో పదేళ్ళుగా పని చేస్తున్నది. వందల కాన్పులు చూసింది. ఇప్పుడు మళ్ళీ చదువుకు బయల్దేరింది.

"ఇన్నేళ్ళు చేసిన పనికి మళ్ళీ చదువేంటమ్మా?" అన్నది అత్తగారు.

అడగాల్సిన మాటే.

2017లో కరీంనగర్ సర్కారు ఆసుపత్రిలో ఈ చదువు మొదలైంది. ఉద్యోగంలో ఉన్న నర్సుల్లోంచే 30 మందిని తెలంగాణ ప్రభుత్వం ఎంపిక చేసింది. హైదరాబాదులోని ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యునిసెఫ్ సాయం చేశాయి. చదువు 18 నెలలు. అంటే ఏడాదిన్నర. ఇది చదివిన నర్సును మిడ్‌వైఫ్ అంటారు. మామూలు కాన్పును మొదటి నుంచి చివరి దాకా ఆమే చూస్తుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం దేశమంతటా ఇలాంటి చదువు పెట్టాలని నిర్ణయించింది.

ఎందుకు? 2019-21 సర్వేలో తెలంగాణలో 100 కాన్పులకు సుమారు 60 ఆపరేషన్లే అని తేలింది. తల్లికో, బిడ్డకో ప్రమాదమైతే ఆపరేషన్ చేయాల్సిందే. అది ప్రాణం కాపాడుతుంది. అవసరం లేని కోతతోనే చిక్కు. ముహూర్తం చూసి కోయించుకునేవాళ్ళూ ఉన్నారు మరి!

నర్సమ్మకు కొత్తవి నేర్చుకోవడం కష్టం కాలేదు. పాత అలవాటు మానడమే కష్టమైంది. నొప్పులు రాగానే బల్లమీద వెల్లకిలా పడుకోబెట్టడం, "ముక్కమ్మా, ముక్కు" అని గట్టిగా అరవడం ఆమెకు అలవాటు. తొలి చూలు అయితే కింద కోసి కుట్లు వేయడమూ అలవాటే. ఇక్కడ అలా కాదు. నొప్పులు పడే మనిషిని నడవనిస్తారు. గోడ పట్టుకుని నిలబడనిస్తారు. గొంతుక్కూర్చుంటానంటే కూర్చోనిస్తారు. అందరికీ కోత పెట్టరు. అవసరమైతేనే పెడతారు. నర్సమ్మ నడుము రాస్తూ, ధైర్యం చెబుతూ గంటల తరబడి పక్కనే ఉండాలి. చేతులు కట్టుకుని ఓపిగ్గా ఉండటం కూడా ఒక పనే అని ఆమెకు అప్పుడు తెలిసింది.

పూర్వం మంత్రసాని కూడా కూర్చోబెట్టే కాన్పు చేసేది. కానీ ఆమె దగ్గర బీపీ మిషను లేదు. బిడ్డ గుండె వినే సాధనమూ లేదు. మిడ్‌వైఫ్ మాటిమాటికీ బిడ్డ గుండె వింటుంది. అది నిమిషానికి 110 నుంచి 160 సార్లు కొట్టుకోవాలి. బాగా తగ్గినా, తల్లికి బీపీ పెరిగినా, రక్తం ఎక్కువగా పోయినా వెంటనే డాక్టరును పిలుస్తుంది. ఆపరేషన్ ఆమె చేయదు.

చదువు ముగించి నర్సమ్మ తన ఆసుపత్రికి వచ్చింది. తొలి కాన్పుకు వచ్చిన ఒక పిల్ల భయంతో వణుకుతున్నది. తల్లి గుమ్మం బయటే నిలబడింది. "లోపలికి రా పెద్దమ్మా, నీ బిడ్డ చెయ్యి పట్టుకో" అన్నది నర్సమ్మ. తోడుగా ఒక ఆడమనిషిని ఉండనివ్వచ్చని కేంద్ర ప్రభుత్వం 2016లోనే చెప్పింది. ఈ సంగతి చాలామందికి తెలియదు.

మాట్లాడుకోండి: మీ కాన్పప్పుడు పక్కన ఎవరున్నారు? ఎవరు ఉంటే బాగుండును అనిపించింది?