గరిక మరల చిగురించు విధము

పాలకీడు మండలమందలి జాన్‌పహాడ్ దర్గా వద్ద ప్రతి సంవత్సరము జనవరి మాసమున ఉర్సు జరుగును. హిందువులు, ముస్లిములు వేలాదిగా వత్తురు. అంతమంది పాదముల క్రింద నలిగిన గరికను ఉర్సు ముగిసిన మరునాడు చూచినవారు అది చచ్చినదనియే తలంతురు. అది పొరపాటు. గరిక ప్రాణము ఆకులో లేదు. నేలపై ప్రాకు తీగెలయందును, నేలలోపలి గణుపుల కాండములయందును ఉన్నది. ఎదుగు కాలమున ఆకులు తయారుచేసిన పిండిపదార్థము అక్కడ నిలువయుండును. అదను రాగానే గణుపునుండి పైకి మొలక, క్రిందికి వేళ్లు పుట్టును. వరిగట్లపై గరికను ఎన్నిమారులు చెక్కినను పోదని రైతు విసుగుకొనుటకు కారణము ఇదియే.

రైతునకు శత్రువైన ఈ గుణమే గోల్ఫ్ మైదానములవారికి వరమైనది. ఉర్దూలో దూబ్ అనియు, ఇంగ్లీషులో బెర్ముడా అనియు పిలువబడు గడ్డి ఈ గరికయే. అమెరికాలోని జార్జియా రాష్ట్రమున, టిఫ్టన్ పరిశోధనా కేంద్రమందు గ్లెన్ బర్టన్ అను శాస్త్రజ్ఞుడు దీనిని ఆఫ్రికా జాతి గరికతో సంకరపరచి 1956లో టిఫ్‌గ్రీన్, 1960లో టిఫ్‌వే అను రకములను వెలువరించెను. వీనికి మొలకెత్తు విత్తనము లేదు. తీగె ముక్కలనే నాటవలెను.

అచ్చటి శీతకాలమున నేల వేడిమి సుమారు 10 డిగ్రీలకు దిగినచో గరిక ఎండుగడ్డి రంగుకు మారి నిద్రించును. అందుచేత పలు మైదానములవారు చలి ముదరకముందే దానిపై రై గడ్డి విత్తనము చల్లి పచ్చదనము నిలుపుకొందురు. చిక్కు వసంతమున వచ్చును. రై గడ్డి నీడలో గరికకు వెలుతురు అందదు. సకాలమున దానిని తొలగించకున్న, నిలువ ఆహారము తరిగి గరికయే క్షీణించును. అందమునకై పిలిచిన చుట్టము ఇల్లు వదలడన్నమాట!

మన ప్రాంతమున అంత చలి లేదు. ఇచ్చట గరికను కుంగదీయునవి నీటి కొరత, త్రొక్కిడి. త్రొక్కిడిచే మట్టి గట్టిపడి వేళ్లకు గాలి అందదు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ తడి తగులు గట్లపై గరిక ఉగాదినాటికి పచ్చబడును. తడిలేని మెట్టన తొలకరి వరకు వేచియుండును.

మేమెరిగిన ఒక ఆటస్థలమున, ఫిబ్రవరిలో గడ్డి చచ్చినదని తలచి దున్నించిరి. పైకి తిరుగబడిన కాండములు ఎండకు వాడిపోయినవి. వానలు పడువరకు పిల్లలు దుమ్ములోనే ఆడిరి. దున్నుటకు ముందు గుప్పెడు గరికను పెకలించి చూడవలసియుండెను. కాండము తెల్లగా, గట్టిగా ఉన్న అది బ్రతికియున్నది. గోధుమరంగు తిరిగి బోలుగా ఉన్న ఆశ లేదు. బ్రతికియున్నచో తడిపెట్టి, మొలక సాగిన పిదప ఇనుప మొనలతో నేలను గ్రుచ్చిన చాలును. సగము నేలయైనను పచ్చబడకమునుపు యూరియా చల్లరాదు. నీరు రోజూ చిలకరించుటకంటె, నాలుగైదు దినములకొకమారు లోతుగా తడుపుట మేలు.

మన కళాశాల మైదానమున గోలు ముందరి నేల ఇప్పుడు బోడిగా ఉన్నది. అచ్చట తవ్వి చూచితిమి. కాండములు తెల్లగానే ఉన్నవి. ఉగాది దాటువరకు ఆ చోటికి త్రాడుకట్టి విడువవలసినదని మేము కోరితిమి. ఆటగాండ్రకు అది రుచించలేదు.