పాఠం 14: శిక్షణకు దరఖాస్తు – ఉద్దేశ్య ప్రకటన

క్రిందటి పాఠంలో ఉద్యోగానికి దరఖాస్తు వ్రాయడం నేర్చుకొన్నారు. శిక్షణకు దరఖాస్తు చేసేటప్పుడు మరొక కాగితం కూడా జతచేయాలి. ఈ శిక్షణ మీకు ఎందుకు కావాలో అందులో మీ మాటల్లో వ్రాయాలి. దీనినే ఉద్దేశ్య ప్రకటన అంటారు. వికాస వైకల్యాల రంగంలో నాయకత్వ శిక్షణను ఉదాహరణగా తీసుకొని, దీనిని ఎలా వ్రాయాలో చూద్దాం.

14.1 రంగ పరిచయం

పుట్టుకతోగాని, ఎదిగే వయసులోగాని మొదలై, నేర్చుకోవడం, మాట, కదలిక, నలుగురితో మెలగడం వంటివాటిలో ఇబ్బంది కలిగించేవి వికాస వైకల్యాలు. మేధో వైకల్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ ఇందులోకి వస్తాయి. మన దేశంలో 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం వీటితోపాటు బహుళ వైకల్యాలకూ వర్తిస్తుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం మొత్తం 21 రకాల వైకల్యాలను గుర్తించింది.

ఒక పిల్లవాడికి చెంచా పట్టుకోవడం నేర్పడం ఉపాధ్యాయుని పని. అటువంటి పిల్లలను బడి ఎందుకు చేర్చుకోవడం లేదని అడిగి, చేర్చుకొనేలా చేయడం నాయకత్వం. అమెరికాలో ‘లెండ్’ అనే శిక్షణా కార్యక్రమాలు ఇందుకోసమే నడుస్తున్నాయి. అక్కడ వైద్యులు, ఫిజియోథెరపిస్టుల పక్కనే వైకల్యం గల పిల్లల తల్లిదండ్రులు, వైకల్యం గల వ్యక్తులు కూడా శిక్షణ పొందుతారు. దీర్ఘకాలిక శిక్షణ కనీసం 300 గంటలు ఉంటుంది. అంటే, ఇంట్లో బిడ్డను పెంచిన అనుభవం కూడా అక్కడ అర్హతే. మీరు ఎక్కడ దరఖాస్తు చేసినా ఈ విషయం గుర్తుంచుకోండి.

14.2 రెండు నమూనాలు

మొదటి నమూనా:

“చిన్ననాటినుండి నాకు సేవాభావం మెండు. అమాయకులైన ఈ అభాగ్యులను చూస్తే నా హృదయం ద్రవిస్తుంది. తమ మహోన్నత సంస్థలో శిక్షణ పొంది వారి జీవితాలలో వెలుగులు నింపాలని నా ఆకాంక్ష.”

రెండవ నమూనా:

“నేను ఏడేళ్లుగా అంగన్‌వాడీ కార్యకర్తను. మా కేంద్రంలో ఒక బాబుకు నాలుగేళ్లు నిండినా మాటలు రాలేదు. మగపిల్లలకు మాట ఆలస్యమేనని ఇంట్లో పెద్దలు ఊరుకొన్నారు. తల్లిని ఒప్పించి, జిల్లా ఆసుపత్రిలోని సత్వర చికిత్సా కేంద్రానికి రెండుసార్లు తీసుకువెళ్లాను. వెళ్లిన ప్రతిసారీ ఆమెకు ఒక రోజు కూలి పోయింది. మూడవసారి ఆమె రాలేదు. తర్వాత చుట్టుపక్కల ఊళ్లలో ఇటువంటి పిల్లలున్న తల్లులను కలిశాను. ఇప్పుడు ఐదుగురు ఒకే రోజున కలిసి వెళుతున్నారు. ఒకరు పనికి పోవలసివస్తే మరొకరు ఆమె బిడ్డనూ తీసుకువెళతారు. ఇంతవరకు చేయగలిగాను. ఈ పిల్లలు బడికి వెళ్లే వయసు వచ్చాక ఎవరిని, ఏ చట్టం ప్రకారం అడగాలో నాకు తెలియదు. అది నేర్చుకోవడానికే ఈ శిక్షణ కోరుతున్నాను.”

మొదటి నమూనాలో తప్పుపట్టే వ్యాకరణ దోషం లేదు. కాని వ్రాసిన వ్యక్తి చేసిన పని ఏదీ అందులో కనిపించదు. క్రియాపదాల క్రింద గీత గీసి చూడండి. చూడడం, ద్రవించడం, పొందడం, నింపడం – అంతే. ‘అభాగ్యులు’ అన్న మాట మరీ ఇబ్బందికరం. దరఖాస్తు చదివే సంఘంలో అటువంటి బిడ్డ తల్లి కూర్చుని ఉండవచ్చు. మాటలు కాలంతో మారతాయి కూడా. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ పేరులో మొదట ‘మెంటల్లీ హ్యాండీకాప్డ్’ అని ఉండేది. ఇప్పుడా పేరులో ‘ఇంటలెక్చువల్ డిజేబిలిటీస్’ అని ఉంది. మీరూ ‘మేధో వైకల్యం గల పిల్లలు’ అనే వ్రాయండి.

రెండవ నమూనాకు బలమంతా “మూడవసారి ఆమె రాలేదు” అన్న వాక్యంలో ఉంది. చాలామంది ఇటువంటి వాక్యాన్ని దాచిపెడతారు. కాని ఆ తల్లి ఎందుకు రాలేదో ఆలోచించబట్టే ఐదుగురు కలిసి వెళ్లే ఏర్పాటు కుదిరింది. “నాకు తెలియదు” అని వ్రాయడానికి కూడా జంకనవసరం లేదు. అన్నీ తెలిసినవారికి శిక్షణ దేనికి? ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు 2016 చట్టంలోనే ఉంది: నిర్ణీత స్థాయి వైకల్యం గల పిల్లలకు 6 నుండి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య పొందే హక్కు ఉంది.

14.3 జాగ్రత్తలు

పిల్లల పేర్లు, ఊరి పేరు వ్రాయకండి. కుటుంబం విషయం బయటపెట్టే అధికారం మనకు లేదు. సిఫారసు లేఖ అడిగితే, పెద్ద హోదాగల వారికంటె మీ పని కళ్లారా చూసినవారినే అడగండి. ఇంకొక సంగతి. నాయకత్వ శిక్షణ పత్రంతో ప్రత్యేక ఉపాధ్యాయులు కాలేరు. అందుకు 1992 చట్టం ప్రకారం రిహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తించిన కోర్సు చేసి, ఆ రిజిస్టరులో పేరు నమోదు చేసుకోవాలి. ఫీజు కట్టేముందే ఇది విచారించండి.

పాఠ్యగత ప్రశ్నలు

1. మొదటి నమూనాలోని ‘సేవాభావం మెండు’ అన్న మాటను, జరిగిన ఒక పనిని తెలిపే రెండు వాక్యాలుగా మార్చి వ్రాయండి.

2. రెండవ నమూనాలోని అంగన్‌వాడీ కార్యకర్తకు బదులు ఆ బాబు తల్లే దరఖాస్తు చేస్తున్నదనుకోండి. ఆమె వైపునుండి పది వాక్యాలు వ్రాయండి. మూడవసారి ఎందుకు వెళ్లలేదో ఆమె మాటల్లోనే చెప్పించండి.