మారేడు తైలం – మలివయసు వినికిడి

నవవిధ భక్తులలో మొదటిది శ్రవణం. దానికి సాధనమైన చెవి వృద్ధాప్యంలో మందగిస్తే భక్తునికి కలిగే లోటు చిన్నది కాదు. ఆయుర్వేద వైద్యునిగా ఈ విషయంలో నేను చేసిన పొరపాటును భక్త పాఠకులకు విన్నవిస్తున్నాను.

మా తండ్రిగారికి 70వ ఏట వినికిడి తగ్గింది. మారేడు గుజ్జును గోమూత్రంతో నూరి, నువ్వుల నూనె, పాలు, నీరు చేర్చి కాచిన బిల్వతైలాన్ని రెండేళ్ళు ఆయన చెవులలో వేశాను. చెవుల పొడితనం, దురద తగ్గాయి. వినికిడి మాత్రం రాలేదు. పురాణ కాలక్షేపానికి వెళ్ళడమే ఆయన మానివేశారు.

అప్పుడు గ్రంథాలను మళ్ళీ తిరగవేశాను. సుశ్రుతుడు 28 కర్ణరోగాలను పేర్కొన్నాడు. వాటిలో బాధిర్యం ఒకటి. వృద్ధులకు వచ్చినదీ, చిరకాలంగా ఉన్నదీ చికిత్సకు లొంగదని మన వైద్యగ్రంథాలే చెప్పాయి. నేను చదివి మరచినది అదే. దీనికి కారణాన్ని ఆధునిక వైద్యం చూపుతుంది. లోపలి చెవిలో నత్తగుల్ల వంటి భాగంలో, శబ్దాన్ని గ్రహించే రోమకణాలు పుట్టుకతో సుమారు 15,000 ఉంటాయి. నశించినవి తిరిగి పుట్టవు. కర్ణభేరికి ఇవతల వేసిన నూనె అక్కడికి చేరదు.

దేహపు నిలకడకూ లోపలి చెవే ఒక ఆధారం. కనుచూపు, పాదాల స్పర్శ తక్కినవి. మూడూ వయసుతో సన్నగిల్లుతాయి. పక్క మీద ఒత్తిగిలినప్పుడు క్షణకాలం కళ్ళు తిరగడానికి తరచు కారణం, లోపలి చెవిలోని సూక్ష్మ స్ఫటికాలు స్థానం తప్పడం. వైద్యుడు తలను ఒక క్రమంలో తిప్పి దానిని సరిచేయగలడు. లేహ్యాలతో కాలయాపన తగదు.

పెద్దలు గమనించవలసినవి:

చెవిలో చీము, నొప్పి, కర్ణభేరికి రంధ్రం ఉంటే ఏ తైలమూ వేయరాదు. ముందుగా వైద్యునిచే చెవిని పరీక్ష చేయించాలి. ఒక్కొక్కసారి గులిమి తీయడంతోనే వినికిడి మెరుగవుతుంది.

అకస్మాత్తుగా చెవి వినబడకపోతే ఆనాడే వైద్యుని చూడాలి. రోజులు గడిస్తే ఫలితం తగ్గుతుంది.

పక్క మీదనుండి మెల్లగా లేవాలి. రాత్రి చిరుదీపం ఉంచుకోవాలి. తడిసిన ప్రాకారంలో ప్రదక్షిణానికి తోడు తీసుకోవాలి.

నిద్రమాత్రలు, రక్తపోటు మందులు తూలుడు కలిగించవచ్చు. వాడే మూలికలతో సహా అన్నిటినీ వైద్యునికి తెలపాలి.

చివరకు మా తండ్రిగారికి పరీక్ష చేయించి వినికిడి యంత్రం పెట్టించాను. మొదట గుడి గంట కఠోరంగా ఉందన్నారు. కొన్ని వారాలకు అలవాటుపడి, మళ్ళీ పురాణానికి వెళ్ళసాగారు. కళ్ళజోడుకు లేని సిగ్గు ఈ యంత్రానికి ఎందుకు? మందు పనిచేయని చోటును చెప్పడం కూడా వైద్యధర్మమే. రెండేళ్ళ శ్రవణభాగ్యాన్ని ఆయనకు దూరం చేసి నేను దానిని నేర్చుకున్నాను.