నేట్రాన్ సరస్సు: కళేబరములు కుళ్ళని నీరు

కొన్ని సంవత్సరములుగా సెల్‌ఫోనులలో ఒక చిత్రము ఊరూర తిరుగుచున్నది. అందులో ఒక పక్షి కొమ్మపై కూర్చున్నది కూర్చున్నట్లే రాయియైనట్లు కనిపించును. ఆఫ్రికాలో ఒక సరస్సు కలదనియు, దాని నీరు తాకిన ప్రాణి తక్షణమే శిలయగుననియు దాని క్రింద వ్రాసియుండును. ఇట్టి సందేహము కలిగినప్పుడు గ్రామ ప్రజలు పంచాయతీ సభ్యులను అడుగుట సహజము. కావున ఈ నెల పాఠమునకు ఆ సరస్సునే ఎన్నుకొంటిమి. సరస్సు ఉన్నమాట నిజము. ప్రాణులు శిలలగుట నిజము కాదు. అసలు జరుగునదేమో తెలిసికొన్నచో, మన చెరువు క్రింది పొలములకు పనికివచ్చు సంగతి కూడ ఒకటి బోధపడును.

సరస్సు ఉనికి

తూర్పు ఆఫ్రికాలో టాంజానియా దేశపు ఉత్తరపు కొసన, కెన్యా సరిహద్దును ఆనుకొని నేట్రాన్ సరస్సు కలదు. భూమి బీటవారి క్రుంగుటచే ఏర్పడిన ఒక మహాలోయలో ఇది ఉన్నది. నిండుగా ఉన్నప్పుడు దీని పొడవు సుమారు 57 కిలోమీటర్లు, వెడల్పు సుమారు 22 కిలోమీటర్లు. ఇంత విశాలమైనను లోతు మూడు మీటర్లకు మించదు. కెన్యానుండి వచ్చు దక్షిణ ఎవాసో న్యిరో నదియు, ఒడ్డుననున్న వేడినీటి ఊటలును దీనికి నీరిచ్చుచున్నవి.

సరస్సునకు దక్షిణమున ఓల్ దోయిన్యో లెంగాయ్ అను అగ్నిపర్వతము కలదు. అచ్చటి మసాయీ పశుపాలకుల భాషలో ఆ పేరునకు దేవుని కొండ అని అర్థము. చాకలిసోడా జాతికి చెందిన లవణములు నిండిన లావాను ఇది వెలిగ్రక్కును. అట్టి లావాను చిమ్ము అగ్నిపర్వతము నేడు ప్రపంచమున మరియొకటి లేదు.

నీరు క్షారమగుటకు కారణము

వాననీరును, ఊటనీరును అగ్నిపర్వతపు రాళ్ళను, బూడిదను కడిగి సోడాను సరస్సునకు చేర్చుచున్నవి. సరస్సులోనికి నీరు వచ్చుటకు దారి కలదు గాని, వెలుపలికి పోవుటకు దారి లేదు. ఎండకు నీరు ఆవిరియై పోవును. లవణము మాత్రము అడుగున నిలిచిపోవును. తరతరములుగా ఇట్లు జరుగుటచే నీరు గాఢమైన క్షారమైనది.

క్షారగుణమును పి.హెచ్. అను కొలతతో తెలుపుదురు. స్వచ్ఛమైన నీటికి ఆ కొలత 7. అటుపైన ఒక్కొక్క అంకెకు క్షారము పదిరెట్లు పెరుగును. నేట్రాన్ నీటికి ఆ కొలత 10ని దాటుట కలదు. అనగా స్వచ్ఛమైన నీటికంటె వేయిరెట్లకు పైబడిన క్షారమన్నమాట. నీటి వేడిమియు తరచుగా 40 డిగ్రీల సెంటిగ్రేడును మించుచుండును. 1954లో లెస్లీ బ్రౌన్ అను పక్షి పరిశోధకుడు గూళ్ళను చూడగోరి ఈ బురదలో కాలినడకన పోయెను. కాళ్ళు బొబ్బలెక్కి, ప్రాణాపాయము తృటిలో తప్పి, ఆసుపత్రి పాలయ్యెను.

కళేబరములు ఏల చెడవు?

చచ్చిన ప్రాణి కుళ్ళుటకు కారణము సూక్ష్మజీవులు. వానికి తడి కావలెను. మన ఇండ్లలో చేపకు ఉప్పు పట్టించి ఎండబెట్టినచో నెలల తరబడి నిలువయుండుట అందరెరిగినదే. ఉప్పు చేపలోని తడిని లాగివేయును. తడి లేని చోట సూక్ష్మజీవి బ్రతుకజాలదు. నేట్రానులో సోడా ఈ పనినే చేయును. నీట పడి చచ్చిన పక్షి శరీరములోని తడి పోవును, దానిపై లవణము పొరగా పేరుకొనును. నీరు తీసినప్పుడు ఆ కళేబరము ఒడ్డున గట్టిగా, రాతిబొమ్మవలె మిగులును.

ఈ విద్య ప్రాచీన ఈజిప్టు వారికి తెలియును. వారు తమ దేశమందలి వాది ఎల్ నత్రూన్ అను లోయనుండి ఈ సోడాను తెచ్చి, రాజుల శవములను సుమారు 40 దినములు అందులో కప్పియుంచి ఎండబెట్టెడివారు. ఆ సోడా పేరే ఈ సరస్సునకు కూడ పేరైనది.

ఇక చిత్రముల సంగతి. నిక్ బ్రాంట్ అను ఛాయాచిత్రకారుడు ఒడ్డున పడియున్న పక్షుల, గబ్బిలముల కళేబరములను ఏరి, బ్రతికియున్నట్లు కొమ్మలపై నిలిపి చిత్రములు తీసి, 2013లో పుస్తకముగా ప్రకటించెను. ఆ సంగతిని అతడు దాచలేదు. చేతులు మారుటలో ఆ మాట జారిపోయి, తక్షణమే శిలయగుననునది మిగిలెను.

మృత్యు సరస్సు కాదు, పురిటిల్లు

ఇంతటి క్షారములోను బ్రతుకు జీవులున్నవి. కంటికి కనరాని సూక్ష్మజీవులు ఒక్కొక్క ఋతువున నీటినంతయు ఎర్రబరచును. స్పిరులినా జాతి నాచు ఇచట విస్తారముగా పెరుగును. ఆ నాచును తినుటకు చిన్న ఫ్లెమింగో పక్షులు లక్షలుగా చేరును. మన పులికాట్ సరస్సునకు శీతకాలమున వచ్చు పెద్ద ఫ్లెమింగోలకు ఇవి దాయాదులు. తూర్పు ఆఫ్రికాలోని చిన్న ఫ్లెమింగోలకు క్రమముగా గ్రుడ్లు పెట్టు చోటు ఈ సరస్సొక్కటే. నీరు తగ్గినప్పుడు తేలు సోడా దిబ్బలపై అవి బురదతో గూళ్ళు కట్టి, ఒక్కొక్క గ్రుడ్డు పెట్టును. చుట్టునున్న మండు బురదను దాటి దుమ్ములగొండి రాజాలదు. పరులకు మృత్యువైన నీరే ఆ పిల్లలకు కోటగోడ.

పనికిరానిదని తలచిన నీరు

సోడా గాజు పరిశ్రమకు ముఖ్యమైన సరుకు. కెన్యాలోని మాగాడి సరస్సునుండి నూరేండ్లకు పైగా దానిని తీయుచున్నారు. నేట్రాన్ వద్ద కూడ ఏటా 5 లక్షల టన్నులు తీయు కర్మాగారము పెట్టవలెనని 2006 ప్రాంతమున ఒక ప్రతిపాదన వచ్చెను. ఉద్యోగములు, రాబడి కలుగునని కొందరనిరి. నీటిమట్టము మారినచో పక్షుల పురిటిల్లు పోవునని పక్షి సంరక్షకులు అభ్యంతరము చెప్పిరి. అందులో పాల్గొనదలచిన కంపెనీ 2008లో తప్పుకొనెను. బీదదేశమునకు రాబడి అక్కర లేదని ఎవరును అనజాలరు. అయితే ఒకసారి చెదరిన పురిటిల్లును ఏ రాబడియు తిరిగి కట్టజాలదు.

మన ఊరికి పాఠము

నీరు పోవు దారి లేని చోట లవణము నిలుచుననునది నేట్రానుకే పరిమితమైన ధర్మము కాదు. మన చౌడు నేలల కథయు కొంతవరకు ఇదే. చవుటిమన్నుతో బట్టలుదికిన దినములు పెద్దలకు జ్ఞాపకముండును. అందులోని క్షారము నేట్రాన్ సోడా జాతిదే. ఆయకట్టులో మురుగుకాలువ పూడిపోయినచో నీరు నిలిచి, ఎండకు ఆవిరియై, ఉప్పు పైకి తేలి, మంచి మాగాణి కొలది ఏండ్లలోనే తెల్లబారును. కాలువకు పూడిక తీయించుట, భూసార పరీక్ష చేయించుట, పరీక్షలో తేలిన మోతాదున జిప్సము వేయించుట, జీలుగ వంటి పచ్చిరొట్ట పైరు వేసి కలియదున్నించుట దీనికి మార్గములు. వీనిలో మొదటిది చేయక తక్కినవి చేసినచో వ్యయము వృథా.

మరియొక మాట. ఊరి కుంటనో, చవుటి పోరంబోకునో పనికిరానిదని తీర్మానము వ్రాయుటకు ముందు, దానినాశ్రయించి బ్రతుకునవేవో, అందులోనికి వచ్చు నీరు ఎటు పోవుచున్నదో ఒక్కసారి పోయి చూడవలెను.

గ్రామసభలో చర్చకు

1. మన ఊరి మురుగుకాలువలు ఏ చోట పూడియున్నవి? వాని క్రింద ఎన్ని ఎకరములు తెల్లబారుచున్నవి?

2. బయటికి పోవు దారి లేని మన కుంటలలోనికి ఏయే మురుగు చేరుచున్నది?

3. సెల్‌ఫోనులో వచ్చిన వింతను నమ్ముటకు ముందు మనము ఎవరిని అడుగుచున్నాము?