గడ్డి చేర్చుకుంటున్న కుందేలు

ప్రశ్న: మా ఆడకుందేలు నిన్నటి నుంచి గడ్డి కరుచుకెళ్లి ఓ మూల పోగేస్తోంది, ఛాతీ మీది బొచ్చు పీక్కుంటోంది. మగది కూడా దాంతోనే ఉంటుంది. ఇది చూలుతో ఉన్నట్టేనా? ఇనుప పంజరంలోనే ఉంచవచ్చా?

జవాబు: చూలుతో ఉండొచ్చు. అయితే గూడు కట్టడం ఒక్కటే రుజువు కాదు. గర్భం నిలవకపోయినా, జతకట్టిన 16-18 రోజులకు కుందేలు ఇలాగే చేస్తుంది. నిజంగా చూలైతే సుమారు 31 రోజులకు ఈనుతుంది. బొచ్చు పీకడం సాధారణంగా ఈనడానికి కాస్త ముందే. పొట్ట మీరు నొక్కకండి, ఆ పని పశువైద్యులదే.

ఏదేమైనా, గూటిపెట్టె మాత్రం ఈ రోజే పెట్టండి. తల్లి లోపల తిరగగలిగేంత చెక్కపెట్టె చాలు. ముందువైపు అంచు జానెడు ఎత్తుండాలి, లేకుంటే పిల్లలు బయటికి జారిపోతాయి. అది గడ్డి చేరుస్తున్న మూలనే పెట్టండి, మలవిసర్జన చేసే చోట వద్దు. నిండా ఎండుగడ్డి వేయండి. దూది వేయకండి, పోగులు పిల్లల కాళ్లకు చుట్టుకుంటాయి. పీకిన బొచ్చు తీసేయకండి, వెంట్రుకల్లేకుండా పుట్టే పిల్లలకు అదే వెచ్చదనం. పంజరం అడుగున తీగలుంటే పైన పలక పరవండి.

మగదాన్ని ఇప్పుడే వేరుచేయండి. ఈనిన కొన్ని గంటల్లోనే తల్లి మళ్లీ చూలు కట్టగలదు!

తల్లి రోజుకు ఒకటి రెండుసార్లు, కొద్ది నిమిషాలే పాలు ఇస్తుంది. వదిలేసిందని కంగారుపడొద్దు, పిల్లల పొట్టలు గుండ్రంగా ఉంటే పాలు అందుతున్నట్టే. తల్లి మేత మానేస్తే మాత్రం ఆ రోజే డాక్టరుకు చూపించండి.