అండమాన్ ఓడ ఎక్కే ముందు టీకా కార్డు తీసి చూడండి

అమెరికాకు చదువుకోవడానికి వెళ్లే విద్యార్థిని విశ్వవిద్యాలయం ముందే అడుగుతుంది: ఏయే టీకాలు వేయించుకున్నావు, ఎప్పుడు వేయించుకున్నావు, కాగితం ఏదీ అని. విశాఖపట్నంలో ఓడ ఎక్కి అండమాన్ వెళ్లే కుటుంబాన్ని మాత్రం ఆ ప్రశ్న ఎవరూ అడగరు. అది మన దేశమే, పాస్‌పోర్టు అక్కర్లేదు. కానీ మధ్యలో దాదాపు 1200 కిలోమీటర్ల సముద్రం ఉంది. సూక్ష్మజీవుల లెక్కలో సరిహద్దు అంటే ఆ సముద్రమే.

శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల నుంచి ఈ ద్వీపాలకు వలస పాతదే. 2011 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్ జనాభా 3,80,581. అందులో సుమారు 13 శాతం మంది తెలుగును మాతృభాషగా చెప్పారు. 2024లో పోర్ట్ బ్లెయిర్ పేరు శ్రీ విజయపురంగా మారింది. ఆ ఊళ్లో చేపల రేవు దగ్గరా బజారులోనూ తెలుగు వినిపించడం ఎవరికీ వింత కాదు. పనికోసం, కాపురానికి, ఉద్యోగానికి వెళ్లేవారు ఏటా ఉంటారు. సామాన్ల మూటలో పచ్చళ్ల జాడీకి చోటు దొరుకుతుంది గానీ, టీకా కార్డు సంగతి సాధారణంగా ఎవరికీ గుర్తుండదు.

ద్వీపాలకూ అంటువ్యాధులకూ ఉన్న సంబంధాన్ని మొదట శ్రద్ధగా గమనించిన వైద్యుల్లో పీటర్ పానుమ్ ఒకరు. 1846లో ఉత్తర అట్లాంటిక్‌లోని ఫారో దీవుల్లో తట్టు, అంటే మీజిల్స్, వ్యాపించింది. డెన్మార్క్ ప్రభుత్వం ఆయన్ను అక్కడికి పంపింది. ఆ దీవుల్లో ఉన్నది సుమారు 7,800 మంది. కొన్ని నెలల్లోనే వారిలో దాదాపు 6,000 మంది మంచం పట్టారు. కొందరు ముసలివాళ్లకు మాత్రం ఏమీ కాలేదు. విచారిస్తే, 1781లో తట్టు వచ్చినప్పుడు వాళ్లు చిన్నపిల్లలనీ, అప్పుడే ఒకసారి ఆ జబ్బు పడ్డారనీ తెలిసింది. అరవై అయిదేళ్ల తర్వాత కూడా ఆ రక్షణ చెక్కుచెదరలేదు. మధ్యకాలంలో పుట్టినవారికి ఆ రక్షణ లేదు.

ఇలా ఎందుకు జరుగుతుంది? తట్టు వైరస్ ఒకరి నుంచి మరొకరికి ఆగకుండా సాగుతూ ఉండాలి. జంతువుల్లో దాక్కోదు, కోలుకున్న మనిషిలో మిగలదు. అందుకే ఒకచోట నిరంతరం నిలిచి ఉండాలంటే దానికి కొత్తగా పుట్టే పిల్లలు తగినంత మంది కావాలి. సుమారు రెండున్నర నుంచి అయిదు లక్షల జనాభా ఉంటేనే అది సాధ్యమని శాస్త్రవేత్తల అంచనా. చిన్న దీవిలో వైరస్ ఒక చుట్టు తిరిగి అంతరిస్తుంది. మళ్లీ బయటినుంచి ఎవరో మోసుకొచ్చేదాకా అక్కడ తట్టు ఉండదు, దాన్ని ఎదుర్కొనే శక్తీ ఉండదు.

అండమాన్‌లో ఇదే మరింత విషాదంగా జరిగింది. 1858లో బ్రిటిష్‌వారు ఖైదీల స్థావరం పెట్టినప్పుడు గ్రేట్ అండమానీ తెగలవారు వేలల్లో ఉండేవారు. 1877లో తట్టు వారిలో వ్యాపించి పెద్ద సంఖ్యలో ప్రాణాలు తీసింది. సిఫిలిస్ వంటి మరికొన్ని బయటి జబ్బులూ తోడయ్యాయి. 1901 లెక్కల్లో వారు 625 మంది. 1961 నాటికి 19 మంది. ఒక జాతి భాషలతో సహా దాదాపు కనుమరుగైంది.

ఇది పాత కథ అనుకోవడానికి లేదు. 1990ల చివర్లో జరావాలు అడవి దాటి బయటివారిని కలవడం మొదలుపెట్టారు. 1999లో వారిలో తట్టు వచ్చింది. 2006లో మళ్లీ వచ్చింది. ఆదివాసుల రిజర్వులోకి అనుమతి లేకుండా వెళ్లడం 1956 నాటి రక్షణ నిబంధనల ప్రకారం నేరమే. అయితే చట్టం మనిషిని ఆపగలదు గానీ, దగ్గును ఆపలేదు. అక్కడికి కాపురం వెళ్లేవారు జరావాలను ఎప్పుడూ కలవకపోవచ్చు. కానీ వారికి వైద్యం చేసే నర్సు, ఆ దారిలో బస్సు నడిపే డ్రైవరు మీ వీధిలోనే ఉండవచ్చు.

మూడు రోజుల ఓడ ప్రయాణంలో జబ్బు ఉంటే బయటపడదా అని అడగవచ్చు. పడదు. తట్టు వైరస్ సోకిన తర్వాత జ్వరం రావడానికి పది రోజుల దాకా, ఒంటిమీద దద్దుర్లు కనిపించడానికి రెండు వారాల దాకా పడుతుంది. పైగా దద్దుర్లు రావడానికి నాలుగు రోజుల ముందునుంచే రోగి ఇతరులకు అంటిస్తాడు. విశాఖలో వైరస్ సోకిన పిల్లవాడు ఆరోగ్యంగా ఓడ ఎక్కి, ఆరోగ్యంగా దిగి, కొత్త బడిలో వారం కూర్చున్నాక జబ్బుపడతాడు. విమానమైతే చెప్పనే అక్కర్లేదు, రెండు గంటల పని.

కనుక చూడవలసిన మొదటి సంగతి, ఇంట్లో ఎవరికి తట్టు టీకా రెండు డోసులు పడ్డాయన్నది. జాతీయ టీకా కార్యక్రమంలో రెండో డోసు 2010 తర్వాతే వచ్చింది. 2017లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 9 నెలల నుంచి 15 ఏళ్ల లోపు పిల్లలకు తట్టు, రుబెల్లా టీకా ప్రత్యేకంగా వేశారు. అంటే 2002కు ముందు పుట్టినవారికి ఆ అవకాశం దాటిపోయింది. చిన్నప్పుడు జబ్బు రాక, ఒక్క డోసుతో ఆగిపోయిన పాతికేళ్ల యువకులే ఇప్పుడు ఎక్కువగా వలస వెళ్తున్నారు. కార్డు పోయిందా? గుర్తులేదా? మళ్లీ వేయించుకుంటే నష్టం లేదు. గర్భిణులకు మాత్రం ఈ టీకా వేయరు. వారి చుట్టూ ఉన్నవారు వేయించుకోవాలి.

మిగతావాటిలో హెపటైటిస్ బి ముఖ్యం. ద్వీపాల ఆదివాసుల్లో ఈ వైరస్ చాలా ఎక్కువని అక్కడి పరిశోధనలు చూపాయి. మూడు డోసులు 0, 1, 6 నెలలకు పడాలి కాబట్టి టికెట్టు కొన్నాక ఆలోచిస్తే కోర్సు పూర్తి కాదు. అయినా మొదటి డోసు ఇక్కడ, మిగతావి అక్కడ వేయించుకోవచ్చు. ఆలస్యమైతే మొదటినుంచి మొదలుపెట్టనక్కర్లేదు, ఆగినచోట నుంచే కొనసాగిస్తారు. ధనుర్వాతం, కంఠసర్పికి కలిపి ఇచ్చే టీడీ ఇంజెక్షన్ వేసి పదేళ్లు దాటితే మరో డోసు, నీటి వసతి నమ్మకం లేనిచోటికి వెళ్తుంటే టైఫాయిడ్ టీకా గురించి డాక్టరును అడగండి.

టీకా కార్డుతో పని జరగని జబ్బు ఒకటుంది. 1988 నుంచి ఉత్తర అండమాన్‌లోని డిగ్లీపూర్ ప్రాంతంలో వర్షాల తర్వాత ఒక వింత జ్వరం కనిపించేది. ఒళ్లునొప్పులు, దగ్గు, తర్వాత ఊపిరితిత్తుల్లో రక్తస్రావం. చాలాకాలం దాన్ని అండమాన్ రక్తస్రావ జ్వరం అని పిలిచారు. 1990ల్లో పోర్ట్ బ్లెయిర్‌లోని ప్రాంతీయ వైద్య పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు అది లెప్టోస్పైరోసిస్ అని తేల్చారు. మన పల్లెల్లో ఎలుక జ్వరం అనేది ఇదే. ఎలుకలు, పశువుల మూత్రంతో కలిసిన బురదనీటిలో స్క్రూలా మెలితిరిగిన బాక్టీరియా ఉంటుంది. కాలి పగుళ్ల గుండా, గాయాల గుండా లోపలికి పోతుంది. వరిచేలో దిగేవారికి, పశువుల శాల కడిగేవారికి ముప్పు ఎక్కువ. జాతీయ కార్యక్రమంలో దీనికి టీకా లేదు. వారానికోసారి డాక్సీసైక్లిన్ మాత్ర ఇస్తే ఎలా ఉంటుందని ఉత్తర అండమాన్‌లోనే పరీక్షించి చూశారు. ఇన్ఫెక్షన్ సోకడం ఆగలేదు గానీ, జబ్బుగా బయటపడినవారు తగ్గారు. అందుకే మాత్రకంటే ముందు బూట్లు. ఏడాదిలో ఏడెనిమిది నెలలు వాన పడే చోట మోకాలి దాకా రబ్బరు బూట్లు సోకు కాదు. వానాకాలంలో జ్వరం, పిక్కల నొప్పి కలిసి వస్తే మొదటి రోజుల్లోనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మొదట్లో మామూలు యాంటీబయాటిక్‌లకే లొంగుతుంది.

మలేరియాకూ మనం వేయించుకోదగిన టీకా లేదు. నికోబార్ దీవుల్లో దాన్ని మోసే దోమ ఉప్పు కలిసిన నీటిలో పెరుగుతుంది. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత సముద్రపు నీరు నిలిచిన గుంటలు దానికి కొత్త నివాసాలయ్యాయి. దోమతెర కట్టుకోండి. చికిత్స మొదలైతే, డాక్టరు ప్రైమాక్విన్ పధ్నాలుగు రోజులు అంటే పధ్నాలుగు రోజులూ వాడండి. వైవాక్స్ రకం కాలేయంలో నిద్రపోయి నెలల తర్వాత లేస్తుంది.

ఇక తిరుగు ప్రయాణం. అండమాన్ నికోబార్, లక్షద్వీప్ తప్ప దేశమంతటా రేబిస్ ఉంది. అక్కడ పుట్టి పెరిగిన పిల్లవాడికి కుక్క కరిస్తే గాయం కడిగి పసుపు రాసి ఊరుకునే అలవాటు ఉండవచ్చు. అదే పిల్లవాడు ఇంటర్ చదువుకు విశాఖ వస్తే ఆ అలవాటు ప్రాణం తీస్తుంది. కరిచిన గాయాన్ని సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు టీకా మొదలుపెట్టాలని బయలుదేరే ముందే చెప్పాలి. మన ఊరి కుక్కపిల్లను ముద్దుగా ద్వీపానికి తీసుకుపోవడం కూడా మంచిది కాదు.

అక్కడినుంచి విదేశాలకు వెళ్లేవారికి మరో రెండు మాటలు. తట్టు, ఎల్లో ఫీవర్ వంటి సజీవ టీకాలను ఒకే రోజున వేయించుకోవాలి, లేదా నాలుగు వారాల ఎడం ఇవ్వాలి. ఆఫ్రికాకు, దక్షిణ అమెరికాకు అవసరమయ్యే ఎల్లో ఫీవర్ ధ్రువపత్రం టీకా వేసిన పది రోజుల తర్వాతే చెల్లుతుంది. 2016 నుంచి అది జీవితాంతం పనికొస్తుంది. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఐపీఎంలో ఈ టీకా వేస్తారు. తిరిగి వచ్చేటప్పుడూ ఆ పత్రం అడుగుతారు. ఎల్లో ఫీవర్ మన దేశంలో లేదు గానీ, దాన్ని మోయగల ఈడిస్ దోమ ఉంది.

ద్వీపాల నుంచి వచ్చాక జ్వరం వస్తే, అది నెలల తర్వాతైనా సరే, ఎక్కడ ఉండి వచ్చారో డాక్టరుకు చెప్పండి. బోదకాలు పురుగు పిల్లల కోసం మన దగ్గర రాత్రిపూట రక్తం తీస్తారు, అవి రాత్రే రక్తనాళాల్లోకి వస్తాయి కనుక. నికోబార్‌లోని నాన్‌కౌరీ దీవుల్లో మాత్రం ఆ పురుగు పగటిపూట బయటికి వస్తుంది, దాన్ని మోసే అడవి దోమ పగలే కుడుతుంది కాబట్టి. అక్కడ ఉండి వచ్చానని మీరు చెప్పకపోతే, ఇక్కడి వైద్యుడు రాత్రి రక్తం తీసి ఏమీ లేదనే ప్రమాదం ఉంది.