పడవ ఇంజనుకు లోపలి శత్రువు - ఇంధనములోని నీరు

నిర్మల్ ప్రాంతపు గ్రామములకు గోదావరియు, కడెం నదియు జీవనాధారములు. 1963 జూలై 26వ తేదీన పండిట్ జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరామసాగర్ ప్రాజెక్టు వలన పోచంపాడుకు ఎగువన గోదావరి విశాలమైన జలాశయముగా విస్తరించినది. ఇంత నీరున్న చోట పడవ అవసరము, పడవ కలచోట ఇంజను అవసరము.

ఆ అవసరము ఎంతటిదో వరదలనాడు తెలియును. కడెం ఆనకట్ట 1958లో వరద తాకిడికి దెబ్బతిన్నది. తిరిగి 2022 జూలైలో 5 లక్షల క్యూసెక్కులకు మించి ప్రవాహము వచ్చి, నీరు గేట్ల మీదుగా పొర్లినది. దిగువ గ్రామముల ప్రజలను సురక్షిత స్థలములకు తరలింపవలసి వచ్చినది. అట్టి దినమున రేవులో పడవ ఉండియు దాని ఇంజను కదలకున్నచో ప్రయోజనమేమి? నడిమి ప్రవాహములో ఇంజను ఆగిపోయినచో, పడవలోని వారి గతి ఏమి?

ఏడాదిలో ఎక్కువ కాలము ఊరక ఉండి, అవసరమైన వేళ మొరాయించు ఇంజనులలో తరచుగా కనిపించు దోషము ఇంధన మార్గములోని తుప్పు. అది పైకి కనిపించదు. కాని నివారణ కష్టమైనది కాదు, ఖర్చుతో కూడినదియు కాదు.

నీరు ఎట్లు చేరును?

చలికాలపు ఉదయమున ఆరుబయట ఉంచిన ఇత్తడి చెంబుపై మంచు బిందువులు నిలుచుట మనము చూచుచున్నదే. సగము ఖాళీగా నున్న ఇంధనపు ట్యాంకు లోపలి గోడలపై అదే జరుగును. పగటి ఎండకు లోపలి గాలి వ్యాకోచించి వెలుపలికి పోవును. రాత్రి చలికి సంకోచించి, తేమతో కూడిన క్రొత్త గాలిని లోనికి పీల్చుకొనును. పగటికిని రాత్రికిని వేడిమిలో అంతరము హెచ్చుగానుండు మన జిల్లాలో ఈ క్రియ మరింత జోరుగా సాగును. ఇది గాక, వర్షములో ఇంధనము పోయుట వలనను, బిగువు తప్పిన మూత వలనను, నిలువుగా నిలిపిన పీపాల నెత్తిన నిలిచిన వాన వలనను నీరు చేరును.

లీటరు నీరు కిలో తూగగా లీటరు డీజిలు సుమారు 830 గ్రాములే తూగును. అందుచేత నీరు అడుగునకు దిగి అచ్చటనే నిలుచును. ఇనుప రేకు ఆ అడుగు భాగముననే తుప్పు పట్టును. అంతేకాక నీటికిని డీజిలుకును నడుమ సూక్ష్మజీవులు, బూజు పెరుగును. నల్లని జిగట పదార్థము ఏర్పడి, అది ఆమ్లములను పుట్టించి రేకును మరింత తినివేయును.

కలుగు హాని

తుప్పు రేణువులు ఫిల్టరును మూసివేయును. దానిని దాటినవి ఇంధన పంపునకు, ఇంజెక్టరునకు చేరును. మన తల వెండ్రుక మందము సుమారు 70 మైక్రాన్లు. పంపులోని ప్లంజరునకును దాని గూటికిని గల సందు కొద్ది మైక్రాన్లు మాత్రమే. అట్టి సున్నితమైన భాగములో నీరు నిలిచినచో అది గీరుకొనిపోవును, లేదా బిగుసుకొనిపోవును. ట్యాంకును కడుగుటకు పూట చాలును. పంపు చెడినచో పట్టణము నుండి మెకానిక్ రావలసినదే.

లోహముల ఎంపికలోను జాగ్రత్త వలయును. జింకు పూత వేసిన బకెట్లలో, ట్యాంకులలో డీజిలు నిలువ చేయరాదు. జింకు డీజిలులోని ఆమ్లములతో కలసి సబ్బు వంటి పదార్థమై ఫిల్టరును అడ్డగించును. రాగి డీజిలును త్వరగా పాడుచేసి బంక కట్టించును.

పెట్రోలు సంగతి వేరు

పడవ వెనుక తగిలించు చిన్న ఇంజనులు పెక్కు పెట్రోలుతో నడచును. దేశములో పెట్రోలునందు 2025 నాటికి నూటికి 20 పాళ్ల ఇథనాల్ కలుపబడుచున్నది. ఇథనాల్ తేమను ఆకర్షించును. తేమ మితి మీరినప్పుడు ఇథనాలును నీరును కలసి పెట్రోలు నుండి విడిపోయి అడుగునకు చేరి, కార్బురేటరును తినివేయును. కావున వాడుకలేని కాలములో డీజిలు ట్యాంకును నింపి ఉంచవలెను; పెట్రోలు ట్యాంకును, కార్బురేటరును ఖాళీ చేసి ఆరబెట్టవలెను. ఈ భేదమును మరువరాదు.

చేయవలసిన పనులు

1. డీజిలు ట్యాంకును, వ్యాకోచమునకు కొద్ది చోటు విడిచి, నిండుగా ఉంచవలెను. ఖాళీ లేనిచోట తేమ చేరదు.

2. వారమున కొకమారు, ఇంజనును నడుపక మునుపే, ట్యాంకు అడుగునను ఫిల్టరు గిన్నె క్రిందను గల మరను వదులు చేసి, కొంత ఇంధనమును గాజు సీసాలోనికి పట్టవలెను. కొంత సేపటికి నీరు అడుగున వేరుగా తేరును. స్వచ్ఛమైన డీజిలు వచ్చువరకు తీయవలెను.

3. సన్నని జల్లెడ గల గరాటుతోనే ఇంధనము పోయవలెను. పీపాలను నీడన, అడ్డముగా పరుండబెట్టి ఉంచవలెను.

4. తయారీదారు చెప్పిన గడువునకు ఫిల్టరు మార్చవలెను. మార్చిన పిదప గొట్టములలోని గాలిని బుడగలు రాకుండునంతవరకు తీసివేయవలెను.

5. పదిహేను దినములకొకసారి ఇంజను బాగుగా వేడెక్కువరకు నడుపవలెను.

6. ఈ పనులు చేయునప్పుడు బీడీ, దీపము దరి చేరరాదు. తీసిన మురికి నూనెను జలాశయములో పారబోయరాదు. ఆ నీటినే మనమును, మన పశువులును త్రాగుచున్నవి.

పంచాయతీ బాధ్యత

పది మంది సొత్తు ఎవరికిని పట్టదని మన పల్లెలలో అనుకొనుట కలదు. ఈ మాట పడవ విషయములో నిజము కారాదు. ఊరిలో పడవ ఉన్నచో, అది మత్స్యకారుల సంఘమునదైనను సరే, దాని ఇంజనును చూచుటకు ఒక వ్యక్తిని నియమింపుడు. నీరు తీసిన తేదీ, ఫిల్టరు మార్చిన తేదీ, ఇంజను నడిపిన తేదీ వ్రాయుటకు ఒక పుస్తకము పెట్టుడు. మే నెల సమావేశములో ఆ పుస్తకమును తెప్పించి చూడుడు. రోహిణి కార్తె వెళ్లకమునుపే పడవను ఒకసారి నీటిలో నడిపించుడు.

పడవ లేని గ్రామములకును ఈ పాఠము అక్కరకు వచ్చును. 2019 తరువాత తెలంగాణ గ్రామ పంచాయతీలకు సమకూర్చిన ట్రాక్టర్లును, రైతుల డీజిలు పంపులును ఇదే ఇంధనముతో, ఇటువంటి పంపు, ఇంజెక్టర్లతోనే నడచుచున్నవి. వేసవిలో సీసాలోనికి తీసిన గుక్కెడు నీరు, శ్రావణములో ఒక కుటుంబమును ఒడ్డునకు చేర్చవచ్చును.